పొరుగింటి తేనెపట్టు

తేనె అనగా అందరికీ ప్రీతి. తేనెటీగ అనగా అందరికీ భీతి. ఈ రెంటి నడుమ నగరపాలకులు నడువవలసిన దారి మిక్కిలి ఇరుకైనది. భీతికి లొంగినచో నిషేధము పుట్టును. ప్రీతికి లొంగినచో పొరుగువాని క్షేమము మరుగున పడును. న్యూయార్కు మహానగరము ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు విద్యార్థులు తెలిసికొనదగినది.

1999లో ఆ నగరపు ఆరోగ్య నిబంధనలలో, ఇంట పెంచరాని ప్రాణుల పట్టికలో సింహము, పులి మొదలైన వాని సరసన తేనెటీగ కూడ చేరినది. పెంచినవారికి 2,000 డాలర్ల వరకు జరిమానా. అయినను మేడలమీది తేనెపెట్టెలు మాయము కాలేదు. అవి చాటుకు పోయినవి. చాటున పెంచువాడు పొరుగువారికి ముందుగా చెప్పడు. ఈగలగుంపు లేచిపోయినచో సహాయము కోరుటకు జంకును. పట్టునకు తెగులు సోకినచో నిపుణుని పిలువడు. నిషేధము వలన ప్రమాదము అట్లే నిలిచి, దానిని కనిపెట్టు కన్ను మాత్రము మూతపడినది.

2010 మార్చి 16న నగర ఆరోగ్యమండలి ఈ నిషేధమును సడలించినది. అనుమతి ‘ఎపిస్ మెల్లిఫెరా’ అను ఐరోపా తేనెటీగకు మాత్రమే. షరతులు కొద్దివి. పెట్టెలను ఆరోగ్యశాఖ వద్ద నమోదు చేయించవలెను. కదలించుటకు వీలైన చట్రములు గల పెట్టెలలోనే ఈగలను పెంచవలెను. ఎల్లవేళల నీరు అందుబాటులో ఉంచవలెను. ఈగల రాకపోకలు ఇతరులకు బాధ కలిగించని చోట పెట్టెను నిలుపవలెను. గుంపు లేచినచో వెంటనే అదుపు చేయవలెను. చూచుటకు ఇవి గుమాస్తా వ్రాసిన వాక్యములవలె ఉన్నను, ప్రతి షరతునకు మూలము తేనెటీగ స్వభావములోనే కలదు.

చట్రముల సంగతి చూతము. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతబోధకుడు ఒక చిన్న రహస్యమును గ్రహించెను. అంగుళములో ఎనిమిదింట మూడు వంతులపాటి సందు విడిచినచో, ఈగలు దానిని మైనముతో పూడ్చక నడవగా వాడుకొనును. ఆ కొలతతో ఆయన చట్రములు అమర్చెను. నాటినుండి పట్టును పగులగొట్టక, పుస్తకపు పుటలవలె ఒక్కొక్క చట్రమును తీసి చూచుట సాధ్యమైనది. తెగులు సోకినదా, కొత్త రాణి పుట్టనున్నదా అని తెలిసికొనునది ఈ పరీక్షవలననే.

నీటి షరతు మరింత సూక్ష్మమైనది. పట్టులోని పిల్లలకు సుమారు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. వేసవిలో వేడి మించినప్పుడు ఈగలు నీటిబొట్లు తెచ్చి పరచి, రెక్కలతో విసరి చల్లబరచును. యజమాని నీరు పెట్టనిచో అవి పొరుగింటి కుళాయి వద్దకు చేరును. తేనెటీగకు సరిహద్దుగోడ తెలియదు; ఆ గోడ సంగతి తెలిసిన యజమానియే దాని పక్షమున జాగ్రత్త వహింపవలెను.

పెట్టె ఉంచు చోటు విషయములో సియాటిల్ నగరము కొలతలే విధించినది. సరిహద్దునకు 25 అడుగుల లోపల పెట్టె ఉన్నచో, అది 8 అడుగుల ఎత్తుననైన ఉండవలెను, లేదా 6 అడుగుల దట్టమైన కంచె వెనుకనైన ఉండవలెను. ఎదుట కంచె ఉన్నప్పుడు ఈగ పైకెగసి, మనుష్యుల తలలమీదుగా సాగిపోవును. ఒక ఈగ కుట్టిన చోట వెలువడు వాసన తక్కిన ఈగలను కూడ రెచ్చగొట్టును. కొందరికి ఒక్క కాటే ప్రాణాంతకము. కావున ఈ అడుగుల లెక్క ప్రాణముల లెక్క.

ఇక గుంపు లేచుట. పట్టు కిక్కిరిసినప్పుడు పాత రాణి వేలాది ఈగలతో వెడలి ఏ కొమ్మనో పట్టుకొని వ్రేలాడును. కడుపునిండ తేనె ఉండి, కాపాడుకొనవలసిన పిల్లలు లేనందున ఆ గుంపు సాధారణముగా కుట్టదు. 2018 ఆగస్టు 28న న్యూయార్కులోని టైమ్స్ స్క్వేర్ వద్ద ఒక తినుబండారముల బండి గొడుగుపై అట్టి గుంపు వ్రాలినది. ఈగల పెంపకము తెలిసిన ఒక పోలీసు ఉద్యోగి పీల్చు యంత్రముతో వానిని నిదానముగా సేకరించి కొనిపోయెను.

తెలుగు పట్టణములలో ఎత్తైన భవనముల అంచులకు, నీటిట్యాంకులకు వ్రేలాడు పెద్దపట్టు ఈ జాతిది కాదు. అది కొండతేనెటీగ, పెట్టెలో ఒదుగదు, రెచ్చినచో దూరము వరకు తరుమును. దానికి ఈ షరతులు వర్తింపవు. బడి ఆవరణలో అట్టి పట్టు కనబడినచో పిల్లలు రాయి విసరకుండ చూచుట, ఆ దాపులకు పోనీయకుండుట, తొలగింపును శిక్షణ గలవారికే విడుచుట ఉపాధ్యాయుల ధర్మము. కాటు తిన్నవారికి ముఖము వాచినను, ఊపిరి ఆడకున్నను క్షణమైన జాగుచేయక ఆసుపత్రికి చేర్చవలెను.

‘వద్దు’ అని వ్రాయుటకు ఒక పంక్తి చాలును. ‘ఇట్లు చేయుడు’ అని వ్రాయవలెనన్న ఈగను ఎరుగవలెను, పొరుగువానిని తలచవలెను. న్యూయార్కు ఆ రెండవ పని నేర్చుటకు పదునొకండు సంవత్సరములు పట్టినది.