దొంగగాలి
(పాత మోటారుసైకిళ్ల కార్బురేటరునుగూర్చి)

గత వేసవిలో నొక సాయంకాలమున మేము మా తమ్ముని వెనుక గూర్చుండబెట్టుకొని, పాత రెండు స్ట్రోకుల మోటారుసైకిలుపై అమీరుపేటనుండి వచ్చుచుంటిమి. పంజగుట్ట కూడలిలో ఎఱ్ఱదీపము వెలుగగా బండి నాపి ఎక్సిలేటరు వదలితిమి. అయినను ఇంజను శాంతింపక అఱవసాగెను. ప్రక్కవారు మా తొందరను జూచి నవ్విరి. తొందర మాది కాదు, బండిది. మరునాడొక మెకానిక్కు "స్లో" మరను త్రిప్పగా అఱపు తగ్గెను, మేమును తృప్తిపడితిమి. నాలుగుదినములకు ఎఱ్ఱమంజిల్ దారిలో పిస్టను పట్టివేసి వెనుకచక్రము బిగిసిపోయెను. తమ్ముడు రోడ్డుపై బడి మోకాళ్లు గాయపఱచుకొనెను. ఇట్టి యాపద యితరులకు రాకుండుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పిస్టను దిగినపుడో, రెండు స్ట్రోకుల బండ్లలో నెక్కినపుడో, ఇంజను గాలిని పీల్చుకొనును. ఆ గాలి కార్బురేటరు ఇఱుకు గొంతుకలో వేగముగా బోవునపుడు అచ్చట పీడనము తగ్గి, జెట్టుగుండ పెట్రోలు పైకి లేచును. 1 కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలయును. కార్బురేటరునకు ఇంజనునకు నడుమ అతుకులో సందున్నచో, గొంతుకను దాటకయే గాలి లోనికి దూరును. అది తనతో పెట్రోలును దేదు. దానినే మేము దొంగగాలి యంటిమి. ఎక్సిలేటరు వదలినపుడు లోపలి పీల్పు మిక్కుటము గావున దొంగగాలి పాలును అప్పుడే హెచ్చు. పెట్రోలు తగ్గినకొలది ఇంజను వేడెక్కును. నూనెను పెట్రోలులోనే కలుపు బండ్లలో పిస్టనునకు నూనెయు తగ్గును. స్లో మరను త్రిప్పినచో సడి తగ్గునేకాని సందు పూడదు.

సందేల కలుగును? ఇంజను వేడికి ఓ-రింగు గట్టిపడి పగులును. బోల్టులను మితిమీఱి బిగించుటవలన కార్బురేటరు అంచు వంగును. ఎథనాలు కలిసిన నేటి పెట్రోలు కూడ పాత రబ్బరునకు హాని చేయును.

పరీక్షించు క్రమమిది. మొదట ఇంజను నడుచుచుండగా హ్యాండిలును అటునిటు త్రిప్పవలెను. అప్పుడు సడి మాఱినచో దోషము కేబులుది. మాఱనిచో ఆరుబయట, పెద్దల సమక్షమున, కుంచెతో సబ్బునీటిని అతుకులచుట్టు పూయవలెను. ఎచ్చట పూసినపుడు సడి మాఱునో అచ్చటనే సందున్నది. కొందఱు పెట్రోలు చల్లి చూతురు; వేడి ఇంజనుపై నది నిప్పంటుకొనును గావున ఎన్నడును చేయరాదు. పిదప ప్లగ్గును విప్పి చూడవలెను. గోధుమవన్నె ఆరోగ్యము, తెల్లదనము పెట్రోలు కొఱత. రెండు స్ట్రోకుల బండ్లలో క్రాంకు సీళ్లను గూడ అనుమానింపవలెను. మాగ్నెటోవైపు సీలు పోయిన దొంగగాలి వచ్చును. గేరువైపుది పోయిన గేరునూనె మండి తెల్లని పొగ లేచును.

మా బండికి ఓ-రింగు పగిలి, అంచు వంగియుండెను. గాజుపలకపై సన్నని గరుకు కాగితము పఱచి, అంచును సమముగా రుద్ది, క్రొత్త రింగు వేసితిమి. పట్టివేసిన పిస్టనును బోరును బాగుచేయించుటకైన వ్యయముతో పోల్చిన, రింగు వెల లెక్కకు రాదు.

2020 ఏప్రిలు 1 నుండి అమలైన భారత్ స్టేజి-6 నియమములవలన క్రొత్త మోటారుసైకిళ్లలో పెక్కింటికి కార్బురేటరు పోయినది. అయినను మదరాసున తయారైన బుల్లెట్లు, 1996 వఱకు మైసూరున తయారైన యెజ్డీలు మన వీధుల నింకను తిరుగుచున్నవి. తండ్రుల బండ్లను దుడుచు బాలురు వాని సడిని గూడ వినవలెను. సడి మాఱినపుడు దానిని అణచుటకు ముందు, ఏల మాఱెనో యడుగవలెను.

ఇప్పుడు పంజగుట్ట కూడలిలో ఎక్సిలేటరు వదలగనే మా బండి శాంతించుచున్నది. తమ్ముడు మాత్రము ఇంకను మా భుజమును గట్టిగా బట్టుకొనియే కూర్చుండును.