ధనుర్మాసపు గొబ్బియాట

చలికాలమున యౌవనముననున్న పిల్లలు మంచి దుస్తులు దాల్చి, పెద్దల కనుసన్నల నాడుకొను వేడుక పెక్కు జాతులలో కానవచ్చును. అమెరికాలోని షికాగో, బఫెలో, డిట్రాయిట్ మున్నగు పట్టణములలో స్థిరపడిన పోలండు దేశీయులు గడచిన శతాబ్దమున తమ చర్చిశాలలలో ఇట్టి నాట్యోత్సవములు జరుపుకొనుచుండిరి. క్రిస్మసునకు ముందలి వారములును, ఈస్టరునకు ముందలి నలువది దినములును వారికి వ్రతకాలములు. ఆ రెంటి నడుమ శీతకాలమే సందడికాలము. పొలొనేజ్ అను గంభీరమైన జంటనడకతో సభ నారంభించుట పోలండువారి ప్రాచీనాచారము. మనయందో, పెండ్లిండ్లకు తగదని విడిచిన ధనుర్మాసమే కన్నెపిల్లల యాటకు తగిన మాసమైనది.

ధవళేశ్వరమున నెలగంట పట్టిన నాటినుండి గోదావరిమీది గాలికి తెల్లవారుజామున చేతులు కొంకరలు పోవును. ఆ చలిలోనే వాకిట కళ్లాపి చల్లి, ముగ్గు తీర్చి, ఆవుపేడను ముద్దలుచేసి గొబ్బెమ్మలను నిలుపవలెను. నడుమ పెద్దగొబ్బెమ్మ, చుట్టును పిల్లగొబ్బెమ్మలు. పసుపు, కుంకుమ, బియ్యపుపిండి అద్ది తలపై గుమ్మడిపువ్వు గ్రుచ్చుదురు. పెద్దది గోదాదేవి యనియు, చిన్నవి గోపికలనియు కొందరు చెప్పుదురు. గౌరీదేవి యని మరికొందరందురు. విష్ణ్వాలయములలో తిరుప్పావై ముప్పది పాశురములు దినమున కొక్కటి చొప్పున సాగుచుండగా వీధులలో గొబ్బిపాటలు సాగుచుండును. పట్టుపరికిణీలు, జడకుచ్చులు, చేమంతులు. వలయముగా తిరుగుచు, వంగి యొకమారు, నిలిచి యొకమారు చప్పట్లు. ఒకతె చరణ మెత్తుకొన తక్కినవారందుకొందురు. సాయంకాలపు సందెగొబ్బెమ్మకు పేరంటపు పిలుపు లుండెడివి. వచ్చిన పిల్లలకు నానిన సెనగలు, అటుకులు, బెల్లము పెట్టి పంపుచుండిరి.

ఇది చిన్నపిల్లల యాట యని త్రోసివేయరాదు. ఆటయనగానే భోగముమేళము తలపునకు వచ్చి, సంసారస్త్రీ కాలు కదపుటయే తప్పని యెంచిన కాలమున, ఇంటిపిల్ల వీధివాకిట పదిమందిలో పాడి యాడుటకు గొబ్బి యొక్కటే గొప్ప అనుమతి. ఆ యనుమతియు స్వల్పకాలికమే. ఎనిమిది పదియేండ్లకే పెండ్లిచేసి, పిమ్మట అత్తవారింటికి పంపుచుండిరి గదా. శారదాచట్టము 1929లో బాలికకు పదునాలుగేండ్ల పరిమితి పెట్టెను. 1978 సవరణతో అది పదునెనిమిదికి పెరిగెను. చట్టము పెండ్లిని వెనుకకు జరుపగా గొబ్బియాడు ఏండ్లును పెరిగినవి. ఈ లెక్క ఎవరును వేసినట్లు లేదు.

అంతకంటె కఠినమైన మాట యొకటి కలదు. భర్త ముఖమైన నెరుగని బాలవితంతువునకు పూలు లేవు, కుంకుమ లేదు. కావున పేరంటమునకు పిలుపు లేదు. తోటిపిల్లలు చప్పట్లు చరచుచుండ ఆమె తలుపువెనుక నిలువవలసినదే. ఈ ధవళేశ్వరముననే 1874లో కందుకూరి వీరేశలింగముపంతులుగారు బాలికల పాఠశాల స్థాపించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన, అనగా ధనుర్మాసమునకు కొలది దినములు ముందుగా, రాజమహేంద్రవరమున గౌరమ్మకును గోగులపాటి శ్రీరాములునకును వారు జరిపించిన వివాహమును ఆంధ్రదేశమున తొలి వితంతువివాహముగా వ్రాయుదురు. ఒక బాలికకు కుంకుమయు పూలును తిరిగివచ్చిన దినముగా మేము దానిని తలచుకొందుము.

పిలుపులకు వేరొక హద్దును ఉండెడిది. ఒక కులమువారి వాకిటి గొబ్బికి వేరొక కులపు పిల్లను పిలుచుట అరుదు. ఇప్పుడు పాఠశాలలలో సంక్రాంతి సెలవులకు ముందు గొబ్బిపోటీలు పెట్టుచున్నారు. మైకు రొద, మార్కులు, బహుమానములు! ఉపాధ్యాయుని యింట నుండు మాకు పరీక్షలకు కొదువ లేదు. ఆటనుగూడ పరీక్ష చేయుట మాకు రుచింపదు. అయినను ఆ వలయములో ఏ పిల్లప్రక్క ఏ పిల్ల నిలిచినదో అడుగువారు లేరు. ఆ యొక్క కారణమున రొదను సహింపవచ్చును.

సహింపరానిది పాటలు పోవుట. అన్నమాచార్యులవారు (1408–1503) రచించిన గొబ్బిపదము తిరుమల రాగిరేకుల పుణ్యమున నిలిచినది. మన అమ్మమ్మల పాటల కేరేకులును లేవు. ఇంటింటికి చరణము మారును, వీధివీధికి వరుస మారును; యంత్రముపై ఒకే పాట మ్రోగించిన ఈ భేదములన్నియు అణగిపోవును. ఇంట పెద్దముత్తైదువ యున్నవారు ఈ నెలలోనే ఆమెచే పాడించి, పిల్లలచేత నోటుపుస్తకమున వ్రాయింపుడు. చరణము మరచినచోట ఖాళీ విడువుడు, ప్రక్కయింటివా రెరిగియుందురు.

వాకిలి లేని మేడలలో నున్నవారు పీటపై గొబ్బెమ్మను నిలుపుకొనవచ్చును. ఏనాటి గొబ్బెమ్మలను ఆనాడే పిడకలుగా తట్టి ఎండబెట్టవలెను. కొన్ని దండగా గ్రుచ్చి భోగిమంటలో వేయుదురు. తక్కినవి తడి తగులకుండ దాచి, మాఘశుద్ధ సప్తమినాడు తులసికోటయొద్ద వానిపైననే పాలు పొంగించి పరమాన్నము వండి, చిక్కుడాకులలో సూర్యునకు నివేదింతురు. మా యింట ఆ పరమాన్నపు తొలివడ్డన గొబ్బిపెట్టిన పిల్లలకే.