గోపుర జీర్ణోద్ధరణ - పరంజా భద్రత

పన్నెండు సంవత్సరాలకొకసారి జరిపే కుంభాభిషేకానికి పూర్వం రాజగోపురానికి మరమ్మతులు చేసి, రంగులు వేయించడం ఆలయాలలో పరిపాటి. ఆ మాసాలలో దర్శనానికి విచ్చేసే భక్తులకు గోపురానికి బదులు దానిని చుట్టిన సరుగుడు వాసాలో, ఇనుప గొట్టాలో కనిపిస్తాయి. ఈ తాత్కాలిక నిర్మాణమే పరంజా. స్థపతులు, కూలీలు దినమంతా దానిపై నిలిచి పనిచేస్తారు. దాని క్రిందుగానే మనం స్వామి సన్నిధికి నడుస్తాము.

పరంజాను బరువు దృష్టిలో ఉంచుకొని కట్టడం సహజమే గాని, గాలిని లెక్కించి కట్టేవారు తక్కువ. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఖాళీ వాసాల నడుమ గాలి సాగిపోతుంది. దుమ్ము పడకుండా వల గాని, తడిక గాని కట్టినంతనే పరంజా అంతా తెరచాపవలె గాలిని పట్టుకొంటుంది. 2018 మార్చి 30న ఒంటిమిట్టలో సీతారామ కల్యాణవేళ పెనుగాలివాన తాత్కాలిక పందిళ్లను కూల్చినపుడు నలుగురు ప్రాణాలు కోల్పోయారు. అది పందిరి, ఇది పరంజా. గాలికి ఆ భేదం లేదు.

కనుక పరంజాను గోపురంతో గట్టిగా కలిపి కట్టాలి. సాధారణంగా గోపురం అడుగుభాగం రాతితోను, పై అంతస్తులు ఇటుక, సున్నంతోను నిర్మితమై ఉంటాయి. అంతస్తు నడుమనుండే ద్వారం గుండా వాసాన్ని లోనికి పంపి, అడ్డదూలంతో బిగించడం శ్రేయస్కరం. సున్నంతో మలచిన బొమ్మలకు తాళ్లు కట్టరాదు. ద్వారపాలకుని భుజం ఎంత దృఢంగా తోచినా అది బరువు మోయడానికి చేసినది కాదు.

కట్టిననాడు సరిగా ఉన్న పరంజా క్రమంగా బలహీనమవుతుంది. రంగులకు అడ్డమని నేడొకరు ఒక కట్టు విప్పుతారు, రేపు మరొకరు ఇంకొకటి. అందుచేత బాధ్యుడైన ఒక వ్యక్తి అనుమతి లేకుండా ఏ కట్టునూ విప్పరాదు. ప్రతి ఉదయం, ముఖ్యంగా గాలివాన వెలసిన పిమ్మట, ఆయన పరీక్షించిన తరువాతనే పని మొదలు కావాలి. పరంజాలు, నిచ్చెనల భద్రతకై ఐ.ఎస్. 3696 అనే భారతీయ ప్రమాణం ఉన్నది. ఒప్పందంలో దానిని పేర్కొనడం మంచిది. విప్పేటపుడు పైనుండి క్రిందికి వరుసగా విప్పాలి. ముహూర్తం సమీపించిందనే తొందరలో తప్పిపోయేది సాధారణంగా ఈ వరుసే.

కుంభాభిషేకం నాడు అర్చకులు పుణ్యజలాలతో కలశాల వద్దకు చేరేది కూడా అనేక చోట్ల ఇటువంటి తాత్కాలిక మెట్లమీదుగానే. నలుగురు పనివారికై పరచిన పలకలపై అర్చకుల వెంట దాతలు, బంధువులు, ఛాయాచిత్రకారులు ఎక్కడం మనం చూస్తున్నదే. ఎందరు ఎక్కవచ్చునో ఇంజనీరు ముందుగా నిర్ణయించాలి. ఆ సంఖ్యను మెట్ల మొదట వ్రాసి ఉంచాలి.

దాతలకొక మనవి. కలశానికి, స్వర్ణలేపనానికి విరాళాలు సులభంగా సమకూరుతాయి. పని ముగియగానే విప్పివేసే పరంజాపై ఎవరి పేరూ చెక్కరు గనుక, ఆ ఖర్చునే మొదట తగ్గిస్తారు. గోపుర కైంకర్యానికి ద్రవ్యమిచ్చేవారు అందులో పరంజాకు, పనివారి నడికట్లకు, శిరస్త్రాణాలకు ఎంత కేటాయించారని అడుగవచ్చును. యాత్రికులు మాత్రం, పని జరుగుతున్నపుడు గోపురద్వారం మూసి ఉంటే, ప్రక్క వాకిలి దూరమైనా ఆ దారినే వెళ్లగలరు.