ఇషిల్ కొండలలో ఒంటరి బాటసారి

మాయా జాతి ఏనాడో అంతరించినదని చదువుకున్నవారు గ్వాటిమాలా దేశపు వాయవ్యాన ఉన్న కుచుమతానెస్ పర్వతాలకు వెళ్ళి చూడవలె. పాడుపడినవి నగరాలే, జాతి పోలేదు. ఆ కొండల నడుమ ఇషిల్ అనే మాయా ప్రజలు నేటికీ తమ భాషనే మాట్లాడుకుంటున్నారు.

నెబాహ్ పట్టణంనుంచి ఆకుల్ అనే పల్లెకు కొండమీదుగా కాలిబాట ఉన్నది. తోడు లేనివానికే ఆ దారి తగినది. ముంగిట నిలిచి చూడడానికి తీరిక ఉంటుంది. ఆ ముంగిళ్ళలో స్త్రీలు నేస్తుంటారు. మన గుంటమగ్గం వంటిది కాదది. పడుగు ఒక కొసను గుంజకు కట్టి, రెండవ కొసను పట్టెతో నడుముకు తగిలించుకుంటారు. వెనుకకు వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే సడలుతుంది. నేసే మనిషే మగ్గంలో సగమన్నమాట! ఆ బట్టతో కుట్టిన రవికెను వీపిల్ అంటారు. ఏ ఊరి అల్లిక ఆ ఊరిదే.

ఆకుల్ వీధులు గీత గీసినట్లుంటాయి. కొండపల్లెకు ఇంత తీరు ఎక్కడిదని బాటసారి మెచ్చుకోబోతాడు. పాత ఊరిని సైన్యం నాశనం చేసి, చెదిరిన జనాన్ని తన కనుసన్నలలో ఉంచుకొనుటకై 1983లో దీనిని ‘ఆదర్శ గ్రామం’గా కట్టించినది. 1960 నుండి 1996 వరకు సాగిన ఆ అంతర్యుద్ధంలో రెండు లక్షలకు పైగా జనం హతులో, అదృశ్యులో అయినారని 1999లో సత్యశోధక సంఘం అంచనా వేసినది. గుర్తించిన బాధితులలో నూటికి 83 మంది మాయాలే.

ఆనాటి పాలకుడు రియోస్ మోంట్‌ను ఇషిల్ జాతి నిర్మూలన నేరానికి 2013 మే నెలలో న్యాయస్థానం శిక్షించినది. పదిదినాలకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును రద్దుచేసినది. ఆ విచారణలో సాక్ష్యం చెప్పిన ఇషిల్ స్త్రీలు తమ నేతబట్టలు ధరించే వచ్చారు.