మంగళగిరి గ్రావెలు గోతులు

మంగళగిరి గాలిగోపురమును గూర్చి జనులలో నొక కథ గలదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1807–09 సంవత్సరములలో ఆ పదునొకండు అంతస్తుల గోపురము నెత్తించినప్పుడు అది యొకప్రక్కకు ఒరిగెననియు, ఎదుట కోనేరు త్రవ్వింపగా మరల నిటారైనదనియు పెద్దలు చెప్పుదురు. కథ యథార్థమైనను కాకున్నను అందొక లోకజ్ఞానము గలదు. ఒకచోట మన్ను తీసినచో దాని చెంత నిలిచినది కదలును.

ఆ జ్ఞానమును మనము మఱచితిమి. మంగళగిరి పరిసరములందలి కొండపాదముల ఎఱ్ఱగ్రావెలు రోడ్లకును, ఇండ్లస్థలముల మెఱకకును లారీలపై తరలిపోయినది. త్రవ్వకము నిలిచిన చోట గోతులును, గోతుల ప్రక్కల నిలువుగోడలును మిగిలినవి. పట్టణము పెరుగుకొలది స్థలము ప్రియమగుచున్నది. గోడక్రింద ఇల్లు కట్టవచ్చునా, గోడపైని పొలము దున్నవచ్చునా యని యడిగినచో వినవచ్చు సమాధాన మొక్కటే: "పదేండ్లుగా నిలిచియున్నది, ఇప్పుడు పడునా?" ఈ సమాధానము ప్రమాదకరమని మేము చెప్పవలసియున్నది.

కళ్లములో ధాన్యపురాశిని చూడుడు. ఎంత పోసినను రాశి వాలు ఒక మేరకు మించదు. మించినచో గింజలు జారును. పొడి గ్రావెలునకును అట్టి సహజమైన వాలు గలదు. అట్లయిన నిలువుగోడ యెట్లు నిలిచినది? ఏటియొడ్డున పిల్లలు కట్టు పిచ్చుకగూళ్లు నిలిచినట్లే. కొలదిపాటి తడి యిసుకరేణువులను పట్టియుంచును. నీరెక్కువైనంతనే గూడు కూలును. గ్రావెలులోని బంకమన్నును, స్వల్పమైన తేమయు గోడను వేసవిలో నిలుపును. తుపానువానకు నీరు సందులనిండ చేరి రేణువులను ఎడము చేయగా ఆ పట్టు సడలును. పది వేసవులు నిలిచినది రాబోవు వానకు నిలుచునని చెప్పుటకు ఆధారము లేదు.

కావున పరీక్ష ఆవశ్యకము. గోడ యెత్తును, వాలును కొలువవలెను. పైయంచున పగుళ్లున్నవా, చెట్లు గోతివైపు ఒరిగినవా, అడుగున ఊట గలదా యని చూడవలెను. మన్ను తీసి, జారకుండ నిలుచు బలము దానికెంత గలదో ప్రయోగశాలలో కనుగొనవలెను. 1916లో స్వీడను దేశమందలి గోథెన్‌బర్గు రేవుగట్టు జారిపోగా, అచ్చటి ఇంజనీరులు మన్ను విల్లువలె వంగిన తలముపై జారునని గ్రహించి, దానికొక లెక్క నేర్పఱచిరి. నిలుపు బలమును జార్చు బలముచే భాగింపగా ఒకటికి తక్కువ వచ్చినచో గోడ నిలువదు. శాశ్వతముగా నిలువవలసిన వాలునకు ఒకటిన్నర యుండవలెనని సాధారణముగా కోరుదురు. ఈ లెక్క ఎండకాలపు మన్నునకు గాక వాననీట నానిన మన్నునకు కట్టవలెను.

చట్టమును మౌనముగా లేదు. 1961 నాటి లోహఖనిజ గనుల నిబంధనలలో 106వది, మొరము, గ్రావెలువంటి నేలలందు గోతి ప్రక్కలు సాధారణముగా 45 డిగ్రీలకు మించని వాలుననైన నుండవలెననియు, లేదా ఒకటిన్నర మీటరునకు మించని యెత్తుగల మెట్లుగానైన కోయవలెననియు, మెట్టు వెడల్పు దాని యెత్తునకు తగ్గరాదనియు విధించినది. మెట్లుగా కోసిన గోతులెన్నో, నిలువుగా కోసినవెన్నో పాఠకులు తమ యూరిపొలిమేరకు పోయి తామే చూచుకొనవచ్చును.

2024 ఆగష్టు 31వ తేదీని కృష్ణ ఆవలియొడ్డున విజయవాడ మొగల్రాజపురములో కుండపోతవానకు కొండచరియలు విఱిగి ఇండ్లపై పడగా ప్రాణములు పోయినవి. అది ఱాతికొండ, ఇది గ్రావెలుగోడ. వీని స్వభావములు వేఱు. కాని క్రింద కాపురముండువాని మాట యడుగకయే వాన తుదితీర్పు చెప్పుట రెండింటను సమానము.

భూస్వాములకు మా మనవి: లారీకింతయని సొమ్ము పుచ్చుకొని గోడను పొరుగువానికి విడుచుట ధర్మము కాదు. పైభాగమును కోసి వాలు తగ్గించుట, వాననీరు గోతిలోనికి దిగకుండ పైయంచున కాలువ తీయుట, వాలున వట్టివేరు నాటుట, అడుగు మన్నును మరల తీయకుండుట మన శక్తికి మించిన పనులు కావు. పట్టణపాలకులకు మా మనవి: పరీక్ష జరుగనిదే పాతగోతుల అంచునగాని అడుగునగాని ఇంటికట్టడమునకు అనుమతి నీయరాదు. ఈ పని వానలు వచ్చిన పిమ్మట కాదు, వానలకు ముందే జరుగవలెను.