సమాచారం - విచక్షణ

నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలు చెబుతారు. ఆ నిలకడ నిజాన్ని తెలుసుకోగోరే మనిషికి కూడా అవసరం. నేడు వార్తాపత్రికలు, దూరదర్శన్, అంతర్జాలం, చరవాణి క్షణక్షణం సమాచారాన్ని మన ముంగిట కుమ్మరిస్తున్నాయి. దానిని వెతికే నేర్పు, తూచే ఓర్పు, వాడే బాధ్యత మాత్రం మనం అలవరచుకోవలసినవి. వీటి ఆవశ్యకతను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం మనకు తెలియజేస్తుంది.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో సముద్రతీరం వెంబడి విస్తరించిన పచ్చని ప్రాంతం ఉద్దానం. ఇది కొబ్బరి, జీడి, పనస తోటలకు నెలవు. ఈ ప్రాంతాన్ని కొన్ని దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి పీడిస్తున్నది. మధుమేహం, అధిక రక్తపోటు లేనివారు సైతం దీని బారిన పడుతున్నారు. త్రాగునీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రల అతివాడకం, ఎండలో శ్రమించినపుడు దేహంలో నీరు తగ్గడం, వంశపారంపర్యం - ఇలా అనేక కారణాలను పరిశోధకులు పరిశీలించారు. ఏ ఒక్కటీ ఏకైక కారణమని నిర్ధారణ కాలేదు.

టెక్కలి కళాశాల విద్యార్థి ఒకడు ఈ విషయంపై వ్యాసం వ్రాయదలచాడనుకుందాం. అతడు మొదట తన ప్రశ్నను స్పష్టపరచుకోవాలి. వ్యాధికి కారణమేమిటి, ఎందరు బాధితులు, ఏ చికిత్స అందుతున్నది అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి పరిశోధన వ్యాసాలు, రెండవదానికి సర్వే నివేదికలు, మూడవదానికి ఆసుపత్రులు ఆధారాలు. ప్రభుత్వ కార్యాలయాలలోని వివరాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం ద్వారా కోరవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానమివ్వాలని ఆ చట్టం నిర్దేశిస్తున్నది.

లభించిన సమాచారాన్ని పరీక్షించడం తరువాతి మెట్టు. ఒక వైద్యశిబిరంలో ఒక్కసారి రక్తపరీక్ష చేసి, క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారందరినీ లెక్కిస్తే ఒక సంఖ్య వస్తుంది. మూడు నెలల తరువాత తిరిగి పరీక్షించి, లోపం నిలిచి ఉన్నవారినే లెక్కిస్తే మరొక సంఖ్య వస్తుంది. రెండూ అబద్ధాలు కావు. వాటి అర్థాలు వేరు. కాబట్టి సంఖ్యను చూడగానే ఎవరు, ఎప్పుడు, ఎలా లెక్కించారని అడగాలి.

బావినీటిలో ఒక పదార్థం కనిపించినంత మాత్రాన అదే వ్యాధికి కారణమనరాదు. వ్యాధి లేని గ్రామాల నీటిని కూడా పరీక్షించి పోల్చి చూడాలి. వంశధార నీటిని ఉద్దానానికి అందించే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. శుద్ధమైన నీరు అందరికీ మేలే. అంతమాత్రాన పాత నీరే వ్యాధికి మూలమని రుజువైనట్లు కాదు. శ్రీలంకలోని వరి రైతులలోను, మధ్య అమెరికాలోని చెరకు కూలీలలోను ఇటువంటి వ్యాధి ఉన్నది. అక్కడి పరిశోధనలు మనకు దారి చూపవచ్చును గాని, వాటి తీర్మానాలను యథాతథంగా ఇక్కడికి అన్వయించరాదు.

సమాచారాన్ని వినియోగించడంలో బాధ్యత మరింత గురుతరమైనది. ఫలానా వేరు నమిలితే డయాలసిస్ అక్కరలేదని ఎవరో పంపిన సందేశాన్ని ఆలోచించక మరి పదిమందికి పంపితే, దానిని నమ్మి చికిత్స మానిన రోగి ప్రాణానికే ముప్పు. పరీక్షించని మందులు మూత్రపిండాలను మరింత దెబ్బతీయగలవు. రోగుల పేర్లు, ఛాయాచిత్రాలు వారి అనుమతి లేక ప్రకటించడం తగదు. ఉద్దానమంటేనే రోగాల సీమ అని ముద్ర వేస్తే, అక్కడి ఆరోగ్యవంతులైన యువతీయువకుల వివాహ సంబంధాలకు కూడా ఆటంకం కలుగుతుంది. ఇతరుల రచన నుండి గ్రహించిన విషయానికి వారి పేరు, సంవత్సరం తెలపడం విద్యార్థి ధర్మం.

తెలిసినదానిని తెలిసినంతవరకే చెప్పడం, తేలనిదానిని తేలలేదని ఒప్పుకోవడం విద్యావంతుని లక్షణం. జీడిపప్పును నాణ్యతను బట్టి వేరుచేసే పలాస కార్మికురాలు ప్రతి గింజనూ చూసి గాని గంపలో వేయదు. మనం పలికే ప్రతి మాట విషయంలోను అంతటి శ్రద్ధ వహించడం మన కర్తవ్యం.