నడిమి మజిలీలో విమానము మారుట

కూతురి పురుటికని, కోడలికి తోడుగా నుండుటకని, మనుమల ముద్దుముచ్చటలు చూచుటకని మన తెలుగు తల్లులు సముద్రములు దాటి పోవుట నేడు వింత గాదు. శంషాబాదు విమానాశ్రయమునకు ఏ రాత్రివేళ పోయి చూచినను, భుజమున శాలువయు, చేత పాస్‌పోర్టు సంచియు గల పెద్దవయసు స్త్రీలు ఒంటరిగనో భర్తతోడనో వరుసలలో నిలిచియుందురు. అమెరికాకు పోవు వీరిలో పెక్కుమంది దుబాయిలోనో, దోహాలోనో, లండనులోనో ఒక విమానము దిగి మరియొకటి ఎక్కవలసియుండును. ప్రయాణమంతటిలోను గుండె దడదడలాడు ఘట్టము ఇదియే. నడిమి వేళ చాలినంత యున్నచో అది విశ్రాంతి. చాలనిచో అది పరుగు. ఈ వేళ యెంత యుండవలెనన్నది టిక్కెట్టు కొనుదినమున మన యింటిలోనే నిర్ణయమగుచున్నది. కాబట్టి యీ విషయమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

పూర్వము ఈ చిక్కు ఇంతగా లేదు. 1948 జూన్ 8వ తేదీన ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి మొదటి విమానము ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుండి లండనునకు బయలుదేరి, త్రోవలో కైరోలోను జెనీవాలోను ఆగినది. మజిలీలున్నను విమానము మాత్రము ఒకటే. దిగినవారు మరల దానిలోనే కూర్చుండిరి. నేటి పద్ధతి వేరు. నలుదిక్కుల నుండి వచ్చు విమానములు జనమును ఒక పెద్ద కేంద్రమునకు చేర్చును. అచ్చటి నుండి వేరు విమానములు వారిని నలుదిక్కులకు కొనిపోవును. దుబాయి, దోహా ఇట్టి కేంద్రములు. దీనివలన ఒక్క మార్పుతోనే అమెరికాలోని అనేక నగరములు చేరు వీలు కలిగినది. కాని రెండవ విమానము మన యొక్కరికొరకు కాచుకొనియుండునని నమ్మరాదు.

విజయవాడలో రైలు మారుట మనకు క్రొత్త కాదు. ప్లాటుఫారము కంటి కెదుట నుండును. దారి యడిగిన తెలుగులో చెప్పువారుందురు. బండి తప్పినను మరియొక బండి వచ్చును. విమానము మారు చోట ఈ మూడును లేవు. రెండవ విమానము మైలు దూరమున నుండవచ్చును, భాష వేరు, ఒకటి తప్పినచో తరువాతిది మరునాడు గావచ్చును.

టిక్కెట్టు మీది వేళను చూచి మోసపోరాదు. “అమ్మా, నడుమ గంటన్నర యున్నది, చాలును” అని కుమారుడు ఫోనులో చెప్పుననుకొందము. ఆ 90 నిమిషములు ఎట్లు ఖర్చగునో లెక్క వేసి చూతము. మూడు నాలుగు వందల జనముతో నిండిన విమానములో వెనుక వరుస నున్నవారు బయటికి వచ్చుసరికి 20 నిమిషములు పట్టవచ్చును. మరల సంచులు, చెప్పులు, నగలు పరీక్ష చేయు వరుసలో 20 నిమిషములు. రెండవ విమానపు గేటునకు నడచుటకు 20 నిమిషములు. ఆ గేటు విమానము కదలు వేళవరకు తెరచియుండదు; పెక్కు సంస్థలు 15 లేక 20 నిమిషముల ముందే మూసివేయును. ఇవి యన్నియు తీసివేయగా మిగులునవి 10 నిమిషములు. మంచినీళ్లకును, కాలకృత్యములకును, ఒకవేళ మొదటి విమానము ఆలస్యమైనచో దానికిని ఆ పదియే! అరగంట ఆలస్యమైనచో లెక్క తలక్రిందులగును.

దూరములు కూడ తక్కువవి గావు. దుబాయి మూడవ టెర్మినలులో ఎ, బి, సి అను మూడు విభాగములు గలవు. 2013లో తెరచిన ఎ విభాగమునకు పోవుటకు లోపలనే చిన్న రైలు ఎక్కవలెను. లండను హీత్రోలో 2, 3, 4, 5 అను నాలుగు టెర్మినళ్లు వాడుకలో నున్నవి. ఒకదానిలో దిగి వేరొకదానిలో ఎక్కవలసినవారు బస్సులో పోయి మరల పరీక్షకు నిలువవలెను.

ఇంత తక్కువ వ్యవధికి టిక్కెట్టు ఎట్లు అమ్ముదురని కొందరు అడుగవచ్చును. ప్రతి విమానాశ్రయమునకు విమానము మారుటకు కనీసపు వ్యవధి యని యొకటి ఏర్పరచియున్నారు. దానికి తగ్గకున్నచో రెండు ప్రయాణములను ఒకే టిక్కెట్టుగా అమ్ముదురు. అయితే ఆ కొలత మారుట సాధ్యమని చెప్పునదే గాని సుఖమని చెప్పునది కాదు. మోకాళ్ల నొప్పులు గల అరువదియైదేండ్ల తల్లికి అది కొలబద్ద కానేరదు. మూడు మొదలు నాలుగు గంటల వ్యవధి పెద్దవారికి తగినదని మా యభిప్రాయము. అట్లని ఎనిమిది, పది గంటలు కుర్చీలో కూర్చుండుటయు మంచిది గాదు. కాళ్లు వాచును, నిద్ర చెడును.

వ్యవధి కంటె ముఖ్యముగా అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు: “నాయనా, ఇది ఒక టిక్కెట్టా, రెండు టిక్కెట్లా?” ప్రయాణమంతయు ఒకే టిక్కెట్టు మీద నున్నచో, మొదటి విమానపు ఆలస్యమువలన రెండవది తప్పినప్పుడు తరువాతి విమానములో చోటు చూపుట ఆ సంస్థ బాధ్యత. సామాను కూడ సాధారణముగా వారే మార్చుదురు. కొంత డబ్బు కలిసివచ్చునని రెండు వేరు టిక్కెట్లు కొన్నచో ఈ రక్షణ యుండదు. రెండవ సంస్థవారి దృష్టిలో మీరు రాని ప్రయాణికులు. క్రొత్త టిక్కెట్టు కొనవలసి వచ్చును. సామానును కూడ మీరే తీసికొని మరల ఇయ్యవలసి యుండవచ్చును. దానికొరకు ఆ దేశములో ప్రవేశించు వీసా కావలసి రావచ్చును. కొన్ని దేశములు, విమానాశ్రయము దాటకున్నను, నడుమ ఆగుటకే భారతీయులను ప్రత్యేకానుమతి కోరును. ఈ నియమములు మారుచుండును గనుక టిక్కెట్టు కొనుటకు ముందే విచారింపవలయును.

అమెరికాలో మరియొక మార్పు గలవారు ఇంకొక సంగతి తెలిసికొనవలెను. ఆ దేశమున మొదట దిగిన ఊరిలోనే పాస్‌పోర్టు తనిఖీ జరుగును. సాధారణముగా అచ్చటనే పెట్టెలు తీసికొని, సుంకపువారిని దాటి, మరల విమాన సంస్థ కప్పగింపవలెను. “సామాను నేరుగా ఊరు చేరును” అని శంషాబాదులో చెప్పిన మాట నమ్మి, పెట్టెలు తీసికొనకుండ పోరాదు. అబూదాబి మీదుగ పోవువారికి మాత్రము 2014 నుండి అమెరికా తనిఖీ అబూదాబిలోనే జరుగు ఏర్పాటు కలదు. కాబట్టి అబూదాబిలో ఎక్కువ వ్యవధియు, తక్కినవారికి అమెరికాలోని మొదటి ఊరిలో ఎక్కువ వ్యవధియు కావలెను. పెట్టెలో తినుబండారములున్నచో ఉన్నవని చెప్పవలెను. దాచినచో తనిఖీయు ఆలస్యమును జరిమానాయు కలుగవచ్చును.

ఇక సంచి సర్దుట. చేతిసంచిలో మందులు, వైద్యుని చీటీ, ఒక చీర, కళ్లజోడు, ఫోను చార్జరు, కొంచెము తినుటకు పొడి వస్తువు ఉండవలయును. మధుమేహము గలవారు ఇన్సులినును పెద్ద పెట్టెలో పెట్టరాదు. అడుగు భాగములోని చలికి అది గడ్డకట్టి చెడవచ్చును. వేళలు మారునప్పుడు మందు ఎప్పుడు వేసికొనవలెనో బయలుదేరకముందే వైద్యుని అడుగవలెను. ఆవకాయ, నేయి పెద్ద పెట్టెలోనే పోవలెను. ద్రవపదార్థములు 100 మిల్లీలీటర్లకు మించరాదను నియమము 2006 నుండి ప్రపంచమంతట వ్యాపించినది. ఇటీవల కొన్ని విమానాశ్రయములు దానిని సడలించినను, మీరు దిగు చోట సడలినదని నమ్మరాదు. విమానములో ఇచ్చిన నీళ్ల సీసాను కూడ పరీక్షకు ముందే పారవేయుట మంచిది. వరుసలో నిలిచి సంచి విప్పి సర్దుకొనుటలో పోవు నిమిషములు తిరిగి రావు.

నడువలేనివారు వీల్‌ఛెయిరు కోరుటకు సిగ్గుపడనక్కరలేదు. టిక్కెట్టుతోపాటే, లేనిచో రెండు దినములు ముందైనను, సంస్థకు తెలుపవలెను. అయితే ఒక మెలకువ కావలెను. వీల్‌ఛెయిరు కోరినవారిని తరచు అందరు దిగిన తరువాతనే దింపుదురు. సహాయకుడు వచ్చుటకు కొంత, ఒక చోట కూర్చుండబెట్టి మరల కొనిపోవుటకు కొంత ఆలస్యమగును. కాబట్టి వీల్‌ఛెయిరు గలవారికి వ్యవధి ఇంకను ఎక్కువ కావలెను. సహాయకునికి బోర్డింగు పాసు చూపి, విమానపు వేళను వ్రేలితో చూపుట మరువరాదు. ఎవరును రాక చాలసేపైనచో దగ్గరనున్న ఉద్యోగిని పిలువవలెను, మౌనముగ కూర్చుండరాదు.

గడియారము కూడ మోసము చేయును. టిక్కెట్టు మీది వేళ ఏ ఊరిదైన ఆ ఊరి కాలమే. దుబాయి మనకంటె గంటన్నర, దోహా రెండున్నర గంటలు వెనుక. లండను శీతకాలమున అయిదున్నర, వేసవిని నాలుగున్నర గంటలు వెనుక. చేతి గడియారమును దిగగానే సరిచేసికొనవలెను. ఫోను ఆ దేశపు కాలమును పట్టుకొన్నదో లేదో గోడమీది పలకతో పోల్చి చూడవలెను. గేటు సంఖ్యను కూడ ఆ పలక మీదనే చూడవలెను. పాసు మీద వ్రాసినది మారుచుండును.

ఇన్ని జాగ్రత్తలు పడినను విమానము తప్పవచ్చును. అది నేరము గాదు, సిగ్గుపడవలసినదియు గాదు. ఏడ్చుచు బయటికి పోవు ద్వారము వైపు నడువక, లోపలనే యున్న ఆ సంస్థవారి ట్రాన్స్‌ఫరు కౌంటరు వద్దకు పోవలెను. బోర్డింగు పాసులు చూపిన చాలును; వారికి సంగతి తెలియును. తరువాతి విమానములో చోటు, భోజనము, రాత్రి నిలువవలసి వచ్చినచో బస, ఇంటికి ఒక ఫోను — ఈ నాలుగును అడుగవలెను. ఒకే టిక్కెట్టు గలవారు, బిడ్డలతో మాటలాడకుండ క్రొత్త టిక్కెట్టునకు డబ్బు ఇయ్యరాదు. ఇంగ్లీషు రానివారు ఇంటి యొద్దనే ఒక కాగితము వ్రాయించుకొని యుంచుకొనవలెను. తమ పేరు, పోవలసిన ఊరు, రెండు విమానముల సంఖ్యలు, బిడ్డల ఫోను, తమకున్న జబ్బు, తినని పదార్థములు అందులో నుండవలెను. ఫోను చార్జింగు పోయిన వేళ ఆ కాగితమే మాటలాడును.

ఒక్కొక్కప్పుడు మనము పరుగెత్తి విమానము నందుకొన్నను మన పెట్టె యందుకొనదు. గమ్యము చేరిన విమానాశ్రయము విడువకముందే అచ్చటి సామాను కౌంటరులో ఫిర్యాదు వ్రాయించి, దాని సంఖ్యను తీసికొనవలెను. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక ప్రకారము, పాడైన పెట్టెను గూర్చి చేతికందిన 7 దినములలోను, ఆలస్యముగ వచ్చిన పెట్టెను గూర్చి 21 దినములలోను వ్రాతమూలముగ ఫిర్యాదు చేయవలెను. భారతదేశము 2009లో ఆ ఒడంబడికలో చేరినది. శంషాబాదులో పెట్టెలకు కట్టిన చీటీ ముక్కలను ఇల్లు చేరువరకు పారవేయరాదు.

పై సంగతులన్నిటికి మూలమొకటే. మన యిండ్లలో టిక్కెట్టు కొనువారు ఒకరు, దానితో నడువవలసినవారు మరొకరు. బిడ్డలు ప్రేమతోనే కొందురు. త్వరగా చేరవలెననియే తక్కువ వ్యవధి యెంచుదురు. కాని వారి కాళ్లతో కొలిచి కొందురు. తల్లియు “వాడు కొన్నదానికి నేనేమందును, పదివేలు ఎక్కువైన వాడికి భారము గదా” యని నోరు మెదపదు. పురుటి పనికి, వంటకు, పసిబిడ్డ పెంపకమునకు సముద్రములు దాటి పోవు తల్లి తన ప్రయాణమును గూర్చి ఒక మాట అడుగుట అత్యాశ గాదు. “ఎక్కడ మారవలెను? ఎన్ని గంటలున్నవి? ఒక టిక్కెట్టేనా? వీల్‌ఛెయిరు చెప్పితివా?” అను నాలుగు ప్రశ్నలు డబ్బు కట్టుటకు ముందే అడుగవలెను. కుమారులును కుమార్తెలును, చౌక టిక్కెట్టు చూడగానే కొనివేయక, తల్లికి ఫోను చేసి “అమ్మా, నీకు ఎంతసేపు కావలెను?” అని విచారించిన పిమ్మటనే కొనవలెనని మా విన్నపము.